శబ్దం లేని పద్నాలుగు నిమిషాలు

9 ఆగస్టు 1998, ఆదివారం. బాపట్ల

ఈరోజు నాన్నని వీడియో తీశాను. తీయమని ఆయనే అడిగాడు. ఫోటోకి నిలబడమంటేనే విసుక్కునే మనిషి! నాలుగు నెలలుగా గుండె బలహీనపడి, మంచానికీ అరుగు మీద కుర్చీకీ మధ్యే తిరుగుతున్నాడు. హైస్కూల్లో ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పిన గొంతు ఇప్పుడు వంటింట్లోకి కూడా వినపడదు.

మా వీధిలో పెళ్ళి వీడియోలు తీసే బర్నబాస్ అన్న తన కెమెరా ఒక పూటకి ఇచ్చాడు. నాన్న అందరినీ బయటికి పొమ్మన్నాడు, అమ్మతో సహా. బటన్ నొక్కడానికి నన్ను ఉండమన్నాడు. తర్వాత మాట్లాడటం మొదలుపెట్టాడు. గొంతు లేకుండా. పెదాలు మాత్రమే. పద్నాలుగు నిమిషాలు.

అది ఏసమ్మత్త కోసం. నాన్నకి ఒక్కతే చెల్లెలు. తొమ్మిదో ఏట టైఫాయిడ్ వచ్చి చెవులు పోయాయి. అప్పటికి నాన్నకి పదమూడు. అద్దం ముందు కూర్చోబెట్టి, పెదాలు చూసి మాట పట్టుకోవడం ఆయనే నేర్పాడు. చర్చిలో మగవాళ్ళ వైపు ఈయన, ఆడవాళ్ళ వైపు ఆవిడ. ప్రసంగం సాగినంతసేపూ ఇటునుంచి అటు చప్పుడు లేకుండా కబుర్లు చెప్పుకునేవాళ్ళట. అత్త మా ఇంట్లోనే ఉండేది. నాకు జడలు వేసింది ఆవిడే.

పదకొండేళ్ళుగా మాటల్లేవు. నలభై దాటాక అత్త, రేపల్లె అవతల వ్యవసాయం చేసుకునే యలమందగారిని రిజిస్టరాఫీసులో పెళ్ళి చేసుకుంది. ఆయన హిందువు, భార్య పోయినవాడు. నాన్న ఒప్పుకోలేదు. ఆరోజు గేటు దగ్గర అన్నాచెల్లెళ్ళు పోట్లాడుకున్నారు. అదీ గొంతు లేకుండానే. ఎదురింటివాళ్ళకి అది పోట్లాటని కూడా తెలియలేదు. నేను పిలిచేదాకా నా గడప తొక్కొద్దన్నాను అని నాన్న తర్వాత అమ్మకి చెప్పాడు. అప్పుడు నాకు పదమూడేళ్ళు.

ఉత్తరం రాయొచ్చు కదా అన్నాను. అది రెండో క్లాసుతో ఆపేసింది, ఉత్తరం వెళితే యలమంద చదివి చెప్పాలి, నా మాట ఇంకొకళ్ళ నోట్లోంచి దానికెందుకు అన్నాడు. వీడియో కొట్లో పదిమంది ముందు వేయించొద్దనీ అన్నాడు.

అందులో ఏముందో నాకు తెలియదు. ఇంట్లో ఆ భాష వచ్చినవాళ్ళు వాళ్ళిద్దరే.

10 ఆగస్టు. తెనాలి

సెంటర్లో పిల్లలు వెళ్ళాక క్యాసెట్ క్యాప్చర్ కార్డుతో కంప్యూటర్లోకి ఎక్కించాను. అక్కడినుంచి రంగనాయకులు సార్ ల్యాప్‌టాప్‌లోకి. సార్ నేను పాఠాలు చెప్పే ఈ కంప్యూటర్ సెంటర్ ఓనరు. ల్యాప్‌టాప్ సెకండ్‌హ్యాండ్. దాన్ని చంటిపిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తుకుంటారు.

అత్త వాళ్ళింటికి కరెంటు లేదు. బ్యాటరీ మీదే నడవాలి. వీడియో వేసే మామూలు ప్లేయర్ ప్రోగ్రామ్‌తో వేసి చూశాను. పదకొండు నిమిషాలకి చచ్చింది. నాన్న మాట్లాడింది పద్నాలుగు.

పక్కూళ్ళో ఎవరింట్లోనైనా వీసీఆర్ పెట్టించి, తలుపేసి చూపించొచ్చు. ఆ సంగతి నాకు తట్టకపోలేదు. కానీ ప్లేయర్ నేనే రాస్తానని సార్‌తో అనేశాను. సార్ కళ్ళు మెరిశాయి. కరెంటు లేని ఊళ్ళో పెళ్ళి వీడియో చూపిస్తే మనకి తిరుగేంటమ్మా అన్నారు.

13 ఆగస్టు

ఎక్కడ బ్యాటరీ పోతోందో దొరికింది. బొమ్మ చూపించడానికి కాదు. ఎదురుచూడటానికి!

సెకనుకి ఇరవై అయిదు ఫ్రేములు. అంటే ఒక బొమ్మ వేశాక నలభై మిల్లీసెకన్లు ఆగి ఇంకోటి వేయాలి. ఆగడం అంటే ప్రోగ్రామ్ ఊరికే కూర్చోదు. టైమైందా, టైమైందా అని గడియారాన్ని వేలసార్లు అడుగుతూనే ఉంటుంది. నేను రైలు లేటయి ఇంటికి వచ్చిన రోజు గేటు దగ్గర మా అమ్మ ఎట్లా ఉంటుందో అట్లా. మనిషైనా మిషనైనా నీరసం రాక ఏమవుతుంది?

నిద్రపొమ్మంటే సరి.

16 ఆగస్టు

నిద్రపుచ్చాను. బ్యాటరీ పంతొమ్మిది నిమిషాలు వచ్చింది. ఎగిరి గంతేశాను.

ఒక్క లోపం. నిద్రపోతే నలభైకి లేవదు, యాభై అయిదుకి లేస్తుంది. ఒక్కోసారి నూటపదికి. లేచేసరికి ఒకటో రెండో ఫ్రేములు దాటిపోయి ఉంటాయి. వాటిని వదిలేసి తర్వాతది వేయమన్నాను. ఎవరికి కనపడుతుంది?

17 ఆగస్టు

సార్ వాళ్ళ తోడల్లుడి పెళ్ళి వీడియో వేసి సెంటర్లో అందరికీ చూపించాను. సూపర్ అన్నారు. పాట వస్తోంది, మంత్రాలు వస్తున్నాయి, అక్షింతలు పడుతున్నాయి. ఇంకేం కావాలి అన్నారు. సార్ ఆఫీస్ బాయ్‌ని పంపి అందరికీ స్వీటు తెప్పించారు.

నాన్న వీడియో నేనొక్కదాన్నే చూశాను. బాగానే ఉంది. నాన్న నాన్నలాగే ఉన్నాడు.

23 ఆగస్టు, ఆదివారం. తిరుగు రైల్లో

 

యలమందగారు రేపల్లె స్టేషన్‌కి సైకిల్ తెచ్చారు. ల్యాప్‌టాప్ సంచి నా ఒళ్ళో, నేను వెనక క్యారేజీ మీద. అత్త గుమ్మంలోనే నిలబడి ఉంది. నా మొహం రెండు చేతులతో పట్టుకుని చాలాసేపు చూసింది. చెవులు పోయినవాళ్ళ గొంతు కదా, ఒకే ఎత్తులో గట్టిగా ఉంటుంది. ఏంటే ఇంత ఎదిగిపోయావు అని ఊరంతా వినపడేలా అంది.

నాన్నకి ఎట్లా ఉందో చెప్పాను. పిలిచాడా అని అడిగింది. నాకు తెలియదు, ఇందులో ఉందేమో చూడత్తా అన్నాను. పిలిస్తే ఈ చీరతోనే వచ్చేస్తాను అంది. పిలిచేదాకా రానని ఆరోజు తనూ అందట.

యలమందగారు తనంతట తనే గేదె దగ్గరికి వెళ్ళిపోయారు. ఆ మర్యాద మా నాన్న చూసి ఉండాల్సింది.

వేశాను. నాన్న మొహం రాగానే అత్త చెయ్యి నోటి మీదికి వెళ్ళింది. ముందుకి వంగింది. ఇంకా వంగింది. మూడు నిమిషాలు, అయిదు నిమిషాలు. కనుబొమలు ముడిపడ్డాయి. చీర కొంగుతో తెర తుడిచింది. పద్నాలుగు నిమిషాలూ చూసింది. మళ్ళీ వేయమంది. మళ్ళీ వేశాను. అయిదో నిమిషంలో బ్యాటరీ అయిపోయింది.

అన్న నోరు నాకు దొరకడం లేదే అంది.

పెదాలు కలవాల్సిన చోట కలవడం లేదట. ప, బ, మ వస్తే నోరు మూసుకోవాలి కదా, మూసుకోవడమే లేదు, ఒడ్డున పడ్డ చేపలాగా తెరుచుకునే ఉంటోంది అంది. అక్కడక్కడా పేరు తెలిసింది, ఏదో వంట మాట తెలిసింది, అంతే. తర్వాత అసలు మాట అడిగింది. జబ్బు వాడి నోటికి కూడా వచ్చిందా అమ్మాయ్ అని.

లేదత్తా, జబ్బు నా ప్రోగ్రామ్‌ది అన్నాను. ఆవిడకి ఏం అర్థమైందో!

నోరు మూసి తెరవడానికి రెండు మూడు ఫ్రేములు పడతాయి. నేను పారేసినవి అవే. చెవులున్నవాళ్ళందరికీ చూపించి బాగుందనిపించుకున్నాను. వాళ్ళు చూసిందేంటి, విన్నారు. నా మొహం!

వారంలో బాగుచేసి తెస్తానన్నాను. నన్ను నీతో తీసుకుపోరాదా అని అడగలేదు అత్త. రా అత్తా అని నేనూ అనలేదు. ఇద్దరి పంతాల మధ్యలోకి నేనెందుకు అనుకున్నాను.

అదే రోజు. బాపట్ల

నాన్న మేలుకునే ఉన్నాడు. చూసిందా అన్నాడు. చూసింది అన్నాను. మొత్తం చూసిందా అన్నాడు. మొత్తం చూసింది నాన్నా అన్నాను. ఏమంది అన్నాడు.

ఏమీ అనలేదు అన్నాను.

మొదటి రెండు జవాబులూ అబద్ధం కాదు. చెబితే, ఇన్ని చదువులు చదివి ఇదా నువ్వు చేసింది అంటాడేమోనని భయం. కంప్యూటర్ కోర్సు చేస్తానంటే వద్దన్నది ఆయనే మరి. వారంలో బాగవుతుంది కదా, అప్పుడు చెప్పుకోవచ్చులే.

సరే అని గోడవైపు తిరిగాడు.

27 ఆగస్టు

కుదరడం లేదు. నిద్రపోతే ఆలస్యం. మేలుకుంటే బ్యాటరీ గోవిందా.

30 ఆగస్టు, ఆదివారం

నాన్న పొద్దున్నే స్నానం చేసి ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. చర్చికి వస్తాడనుకుని రిక్షా పిలవమంటావా అన్నాను. వద్దన్నాడు. అరుగు మీద కుర్చీ వేయించుకుని రోడ్డు వైపు కూర్చున్నాడు. పచ్చి రొయ్యలు తెప్పించి గోంగూరలో వేసి వండమని అమ్మకి చెప్పాడట. డాక్టరు వద్దన్నాడు కదండీ అని అమ్మ గొణిగింది. నాకు కాదులే అన్నాడట. మరి ఎవరికో.

మధ్యాహ్నం అన్నానికి లేవలేదు. ఎండ అరుగు మీదికి వచ్చినా లేవలేదు. ఎవరికోసం నాన్నా అంటే గాలి కోసం అన్నాడు. నేను కాగితాల మీద టైమర్ లెక్కలు వేసుకుంటున్నాను. లోపలికి రమ్మని రెండుసార్లు విసుక్కున్నాను కూడా.

దీపాలు పెట్టాక లేచాడు. చొక్కా విప్పి మడతపెట్టి తనే బీరువాలో పెట్టాడు.

31 ఆగస్టు

రొయ్యల కూర పక్కింటివాళ్ళకి ఇచ్చేశాం.

2 సెప్టెంబరు. పొద్దున పాసింజర్లో

దొరికింది! దొరికింది! రాయకుండా ఉండలేను.

రోజూ బాపట్లలో నాతో ఎక్కే మల్లెపూల గంపావిడ ఉంది. ఎక్కగానే నిద్రపోతుంది. పోయేముందు పక్కవాళ్ళకి చెబుతుంది, చుండూరులో లేపండమ్మా అని. తెనాలి ఆ తర్వాతి స్టేషను. దిగేది తెనాలి అయితే చుండూరులో ఎందుకు అని ఈరోజు అడిగాను. తెనాలిలో లేపితే గంప సర్దుకునేలోపు బండి కదిలిపోదా తల్లీ అంది. చుండూరు దాకా హాయిగా పడుకుంటాను, ఆ తర్వాత మేలుకుని కూర్చుంటాను అంది.

ఇంతే కదా! నలభై మిల్లీసెకన్లూ నిద్రపోకూడదు, నలభై మిల్లీసెకన్లూ మేలుకోకూడదు. ముప్పైకి లేపమని, కంప్యూటర్లో ఇంకా సన్నగా లెక్కపెట్టే రెండో టైమర్‌కి చెప్పాలి. చివరి పది మాత్రం గడియారం చూస్తూ కూర్చోవాలి.

ఆవిడ ఏ కాలేజీలో చదివిందో కనుక్కోవాలి.

5 సెప్టెంబరు, శనివారం. తెనాలి

పని చేసింది. పదహారున్నర నిమిషాలు. ఒక్క ఫ్రేమ్ పోలేదు. నా ప్రోగ్రామ్‌లో మొదటిసారి నాన్న పెదాలు కలవడం చూశాను. కలుస్తున్నాయి, విడిపోతున్నాయి. మధ్యలో ఒకచోట రెప్పపాటు నవ్వాడు. పాత ప్రోగ్రామ్‌లో ఆ నవ్వు లేనే లేదు.

రేపు రేపల్లె వెళ్ళాలి. కానీ గుంటూరు నుంచి పెళ్ళి వీడియోలు తీసేవాళ్ళని సార్ రేపే పిలిచారు. నువ్వు లేకపోతే ఎట్లాగమ్మా అన్నారు. ఉంటానన్నాను. వచ్చే ఆదివారం వెళ్ళొచ్చు. ఇన్నేళ్ళు ఆగినవాళ్ళకి ఒక వారం ఎంత?

6 సెప్టెంబరు

చప్పట్లు కొట్టారు. ఈ అమ్మాయేనా రాసింది అన్నారు. సార్ నా పేరు మూడుసార్లు చెప్పారు.

సంతోషంగా ఉంది. రాయడానికి సిగ్గెందుకు.

9 సెప్టెంబరు, బుధవారం

నాన్న పోయాడు. పొద్దున పదకొండుకి. నేను తెనాలిలో ఉన్నాను.

10 సెప్టెంబరు

అత్త వచ్చింది. మనిషిని పంపాం. యలమందగారూ ఆవిడా మొదటి బస్సుకే వచ్చారు.

గేటు దగ్గరే ఆగిపోయింది. అమ్మ వెళ్ళి చెయ్యి పట్టుకుని లాగింది. రాలేదు. పాస్టరుగారు చెప్పారు. రాలేదు. వాడు పిలవలేదు వదినా అంది, ఆ ఎత్తు తగ్గని గొంతుతో. వీధి వీధంతా వింది. పెట్టె బయటికి తెచ్చేదాకా ఎండలో అక్కడే నిలబడింది. తెచ్చాక దగ్గరికి వచ్చి నాన్న నోటివంక చూసింది. ఎంతసేపు చూసిందంటే మోసేవాళ్ళు చేతులు మార్చుకున్నారు.

ల్యాప్‌టాప్ సార్ దగ్గర ఉంది. ఉన్నా ఏం చేసేదాన్ని.

14 సెప్టెంబరు

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటారు. నా ఆకులు భలే పచ్చగా ఉన్నాయి. పదహారున్నర నిమిషాలు వస్తాయి.

20 సెప్టెంబరు, ఆదివారం. రేపల్లె స్టేషన్, తిరుగు బండి కోసం

వెళ్ళాను. అత్త చూడనంటుందేమో అనుకున్నాను. కిటికీ మూసి, చాప మీద చోటు చేసి, వేయమంది.

మొదటి నిమిషంలోనే ఆవిడ పెదాలు కదలడం మొదలయ్యాయి. నాన్న ఏమంటే అది పైకి అంటోంది, చిన్నప్పుడు అద్దం ముందు ఆయన అలాగే నేర్పాడట. మా నాన్న మాటలు అత్త గొంతులోంచి విన్నాను. తన మాట ఇంకొకళ్ళ నోట్లోంచి రావడం ఇష్టం లేదన్నాడు. వచ్చింది. ఇద్దరం విన్నాం, నేనూ యలమందగారూ. ఈసారి అత్త ఆయన్ని బయటికి పోనివ్వలేదు.

ముందు పాత సంగతులు. ప్రసంగం మధ్యలో పాస్టరుగారి గొడుగు గాలికి తెరుచుకున్న రోజు. ఆ నవ్వు అక్కడిదే. అత్త కూడా నవ్వింది, అరిచినట్టు. టైఫాయిడ్ వచ్చినప్పుడు డాక్టర్ని పిలవడానికి తను వెళ్ళి దారిలో గోళీలాట దగ్గర ఆగానని చెప్పాడు. నలభై అయిదేళ్ళుగా ఎవరికీ చెప్పలేదట. అది పైకి అన్నాక అత్త ఆగి, కొంగుతో తెర తుడిచింది. 

చివరి రెండు నిమిషాలూ ఇవి. మర్చిపోకముందే రాస్తున్నాను.

రావద్దన్నది నేనే, కాబట్టి రమ్మనాల్సింది నేనే. ఇది చూసిన మరుసటి ఆదివారం రా. యలమందని తీసుకురా. గోంగూరలో రొయ్యలు వేయించి వండిస్తాను. నేను పొద్దున్నుంచీ అరుగు మీదే కూర్చుంటాను, నువ్వు మలుపు తిరగ్గానే కనపడతాను. రాకపోతే నీకింకా కోపం పోలేదని అనుకుంటాను. అది నీ న్యాయం. నేను ఏమీ అనుకోను. మళ్ళీ పిలిచి నిన్ను ఇబ్బంది పెట్టను.

ఇస్త్రీ చొక్కా. కుర్చీ. గాలి కోసం అన్నాడు.

బొమ్మ ఆగింది. ఇంకా రెండున్నర నిమిషాల బ్యాటరీ మిగిలే ఉంది. దేనికి?

అత్త అడిగింది. నేను అప్పుడు చూశానని వాడికి తెలుసా అంది. చెప్పాను. నువ్వు చూశావనీ ఏమీ అనలేదనీ నాన్నతో చెప్పానన్నాను, ముప్పయ్యో తారీఖు పొద్దున్నుంచి దీపాలు పెట్టేదాకా కూర్చున్నాడు అన్నాను. ఏడుస్తూ అన్నాను. తల దించుకుని అన్నాను.

అత్త నా గడ్డం పట్టుకుని పైకెత్తింది. నీ నోరు దొరకలేదు, నెమ్మదిగా చెప్పు అంది.

రెండోసారి చెప్పాల్సి వచ్చింది. ఒక్కో మాటా. పెదాలు సరిగ్గా కలిపి.

తిట్టలేదు. కొట్టినా బాగుండేది. లేచి వెళ్ళి గేదెకి కుడితి పెట్టింది. తిరిగి వచ్చి, వచ్చే ఆదివారం వస్తాను, పిలిచాడు కదా అంది.

27 సెప్టెంబరు, ఆదివారం. బాపట్ల

అత్త వచ్చింది. గడప దాటింది. యలమందగారు వెనకే.

అమ్మ రొయ్యలు గోంగూర వండింది. తిన్నాక అత్త అరుగు మీదికి వెళ్ళి నాన్న కుర్చీకి ఎదురుగా కూర్చుంది. గొంతు లేకుండా మాట్లాడింది. గడియారం చూశాను, అలవాటు. పద్నాలుగు నిమిషాలు దాటింది. ఇరవై దాటింది. తర్వాత చూడటం మానేశాను.

ఏమంటోందే అని అమ్మ అడిగింది. తెలియదమ్మా అన్నాను.